నల్లమ్మ దొంగదగ్గు

అడవి నుంచి తెచ్చి జూలో పెట్టిన ఎలుగుబంటి ఒకటుండేది. దాని పేరు నల్లమ్మ. అది ఒక్కసారి దగ్గితే చాలు, మేపే ఈరన్న పరుగున వచ్చి బెల్లంముద్దలో మందుబిళ్ల దాచి పెట్టేవాడు. ఆ బెల్లం కోసం నల్లమ్మ రోజూ దొంగదగ్గు దగ్గేది.

ఒకసారి నిజంగానే కడుపునొప్పి పట్టుకుంది. ఎన్ని బిళ్లలు మింగినా తగ్గలేదు.

"ఇదేం మందమ్మా, పనిచెయ్యదూ!" అని మూలిగింది.

కడుపులో ఉన్న, కంటికి కనబడని పురుగు కిసుక్కున నవ్వింది. "మొదట్లో ఆ బిళ్లకి హడలిపోయేవాళ్లం నల్లమ్మా. రోజూ నువ్వే మింగి మాకు అలవాటు చేశావు. మెత్తనివాళ్లు పోయారు, మొండివాళ్లం మిగిలాం."

నల్లమ్మ పదిరోజులు పడి లేచింది. అప్పుడే దాని దగ్గరికి తల్లిలేని పిల్ల ఎలుగొకదాన్ని తెచ్చి వదిలారు.

"అత్తా, బెల్లం కోసం నేనూ దగ్గనా? ఖళ్, ఖళ్!"

నల్లమ్మ గబుక్కున దాని దగ్గరికి వచ్చింది. "వద్దురా నాన్నా! రేపు నిజంగా జబ్బుచేస్తే నీకు ఏ మందూ పనిచెయ్యదు."

పిల్ల దగ్గు విని ఈరన్న రానే వచ్చాడు. బెల్లం వాసనకి నల్లమ్మకి నోరూరింది. అయినా దగ్గలేదు. పిల్ల మూతి మీద మెత్తగా పంజా ఆనించింది.

"ఏంటే, ఇద్దరూ బాగానే ఉన్నారే!" అని ఈరన్న బిళ్ల తీసి జేబులో వేసుకున్నాడు. బెల్లం మాత్రం చెరో ముక్క పెట్టాడు.