మూడోసారి విప్పిన గీజరు

"చుట్టపుచూపుగా వచ్చి పోతున్నావన్నా! వారంలో ఇది మూడోసారి. నీళ్ళు ఒకపూట కాలిపోతాయి, ఒకపూట చల్లగా ఉంటాయి. మంచాన పడ్డ అమ్మకి స్నానం ఎలా చేయించను?" అంది ఆమె.

"మీ గీజరు నామీద పగబట్టిందక్కా," అంటూ మెకానిక్ మళ్ళీ అన్నీ విప్పి చూశాడు. ఏ లోపమూ కనపడలేదు. బకెట్ నింపి, వేలు ముంచి చటుక్కున తీసేశాడు.

ఆమె కుడిచెయ్యి మణికట్టు దాకా ముంచింది. "చూడు, వీటిని వేణ్ణీళ్ళంటారా?"

అతను గబుక్కున ఆ చెయ్యి పైకి లాగాడు. అప్పటికే అరచెయ్యి ఎర్రగా కందిపోయింది.

"ఇప్పుడు ఎడమచెయ్యి పెట్టండక్కా. మెల్లగా, వేలి కొస మాత్రమే."

ఆమె కెవ్వుమంది.

"గీజరు బాగానే ఉంది. మీ కుడిచేతికే వేడి తెలియట్లేదు. డాక్టరుకి చూపించండి," అన్నాడతను. "పొద్దున అమ్మకి నీళ్ళు ఏ చేత్తో చూసి పోశారు?" అని అడిగాడు.

ఆమె తన కుడిచెయ్యి చూసుకుంది. పొద్దున మొదటి చెంబు పోయగానే, మాట పడిపోయిన అమ్మ గొంతులోనే ఏడ్చింది. చలేస్తోందనుకుని తనే, "కాస్త ఓర్చుకోమ్మా" అంటూ ఇంకా వేడి నీళ్ళు పట్టి పోసింది.