అవతలి ఒడ్డున ఒక్క శవం

ఏటి ఒడ్డున కొయ్య పాతి, దానికి శత్రువుల డాలూ శిరస్త్రాణమూ తగిలించేసరికి పొద్దు నడినెత్తికొచ్చింది. గెలిచినవాళ్లు నిలబెట్టుకునే గుర్తు అది. కెర్నోస్ ఊరి మీద హైలా ఊరు గెలవడం ముప్ఫై ఏళ్లలో ఇదే మొదలు. వెనక స్పార్టా ఉందని కెర్నోస్ వాళ్లకు పొగరు. ఏథెన్స్ ఉందని హైలా వాళ్లకు ధీమా. ఈసారి ఆ రెండూ రాలేదు.

హైలా వాళ్లందరూ గెలుపు కేకలు పెడుతున్నారు. లామిస్కోస్ మాత్రం రాయి మీద కూర్చుని తల వంచుకున్నాడు.

తమవాళ్ల శవాలు పద్దెనిమిది దొరికాయి. దొరకనిది ఒక్కటి. లామిస్కోస్ కొడుకు తెరోన్‌ది.

"ఏరు దాటుతుంటే నేను చూశాను మావా," అన్నాడు పక్కింటి బాట్టోస్. "మన మేకలు కూడా దిగవు ఆ నీళ్లలో. వాళ్లను తరుముకుంటూ దూకేశాడు!"

"అవతల పడిపోయాడు," అన్నాడు లామిస్కోస్.

సేనాని ఫైదిమోస్ వచ్చి పక్కన కూర్చున్నాడు. "దూతను పంపి శవం అడుగుదాం."

లామిస్కోస్ ఉలిక్కిపడ్డాడు. "వద్దు."

ఎందుకు వద్దో అందరికీ తెలుసు. తమవాడి శవం ఇమ్మని అడిగిన పక్షమే ఓడినట్టు. అడిగితే ఆ కొయ్య పీకెయ్యాలి. గెలుపు కెర్నోస్‌దైపోతుంది. ఏటి పక్క బార్లీ పొలాలూ వాళ్లవే.

"ఒక్కడి కోసం పొలాలు వదులుకుంటారా? ఈ పద్దెనిమిది మందీ దేనికి చచ్చినట్టు?" లామిస్కోస్ తల అడ్డంగా ఊపాడు. "వాడి పేరెత్తకండి. నక్కలు తిననీ."

"విన్నారా? తండ్రంటే ఇలా ఉండాలి!" బాట్టోస్ కళ్లు తుడుచుకున్నాడు. "తల్లి లేని పిల్లాణ్ణి ఒంటి చేత్తో పెంచావు. వాడి మీద పిడికెడు మన్ను వేసుకునే భాగ్యం లేకుండా చేస్తామా మావా?"

"వాడు దానికి తగడు."

"ఊరి కోసం కొడుకునే తిట్టుకుంటున్నాడు, మహానుభావుడు," అన్నారెవరో వెనక నుంచి.

సేనాని లేచాడు. "పెద్దాయనా, నీ కొడుకును అక్కడ వదిలేసి ఇంటికెళ్తే మా ఆవిడే నా మొహాన ఉమ్ముతుంది. శవం అడుగుదామనేవాళ్లు చేతులెత్తండి!"

లామిస్కోస్ లేచి నోరు తెరిచాడు. చెప్పాల్సిన మాట ఒకటుంది. అది చెప్పకుండానే మళ్లీ రాయి మీద కూర్చున్నాడు.

అన్ని చేతులూ లేచాయి, అతనిది తప్ప.

కొయ్య పీకారు. దూత ఏట్లోకి దిగాడు. చచ్చిన పద్దెనిమిది మంది తాలూకు తండ్రులూ అన్నదమ్ములూ ఒక్కొక్కరే వచ్చి లామిస్కోస్ చెయ్యి పట్టుకుని వెళ్లారు. అతను ఎవరి మొహమూ చూడలేదు.

దూత మాట ముగించాడో లేదో, అవతలి ఒడ్డున విజయగీతం లేచింది.

అందులో అందరికంటే గట్టిగా పాడుతున్న గొంతు, పొద్దున తన కళ్ల ముందే డాలు పారేసి శత్రువుల్లో కలిసిపోయిన కొడుకుదని లామిస్కోస్ ఒక్కడే గుర్తుపట్టాడు.