పన్నెండో వరుస గాడిద

"గాడిదొచ్చిందండోయ్!"

స్టేడియం గేటు దగ్గర ఎవడో అరిచాడు. జనం గొల్లున నవ్వారు.

ఆర్లో టెష్‌కి ఒళ్ళు మండిపోయింది. సంతాప సభలో కూడా అదే కూతా? ఛీ!

పోయినవాడు రాస్కో డఫీ. డబ్యూక్ ఊరి బేస్‌బాల్ జట్టుకి ఒకప్పుడు బ్యాటర్ వెనక కూర్చుని బంతులందుకునే క్యాచర్. బంతులు తగిలి తగిలి వేళ్ళన్నీ వంకర్లు పోయాక ఆట మానేసి, రేడియోలో కామెంటరీ మొదలెట్టాడు. ఒంటిమీద పసుపుపచ్చ గళ్ళకోటు, పెదాల మధ్య ఆరిపోయిన చుట్ట, నోరు తెరిస్తే కోతలు. ఊరు ఊరంతా ఆ కోతలకి పడి చచ్చేది.

ఆర్లో ఒక్కడికే ఆ గొంతంటే కంపరం.

పన్నెండో వరుసలో కూర్చుని అంపైర్లని తిట్టడం ఆర్లో అలవాటు. గొంతు కాస్త పెద్దదే. అయితే మాత్రం?

"పన్నెండో వరుస గాడిద వచ్చేసిందండోయ్!" అని ఎత్తుకునేవాడు రాస్కో. "అదే ఎర్రటోపీ. రెండో సాసేజ్ నములుతోంది. ఓండ్ర ఏమాత్రం తగ్గలా!"

ఆ ఊరి జనానికో పాడలవాటు. ఆట కళ్ళముందే జరుగుతున్నా, రాస్కో మాటల కోసం చేతిలో చిన్న రేడియో పెట్టుకుని కూర్చుంటారు. ఆ తిట్టు ఆర్లోకి నాలుగువైపుల నుంచీ వినబడేది. వెంటనే వెనకనుంచి ఓండ్రలు.

"ఇవాళ గాడిద కుంటుతోందండీ. కుడికాలికి కట్టుంది. కంగారేం లేదు, మెట్లు బాగానే ఎక్కింది!"

ఓసారి ఆర్లో ఆసుపత్రిలో పడ్డాడు. అదీ వదల్లేదు దుర్మార్గుడు.

"గాడిద కడుపులో రాయి తీశారటండీ. గండం గడిచిందట. సోమవారం ఇంటికి పంపిస్తారట!"

మంచం మీద పడున్న మనిషి సంగతి దేశమంతా చాటుతాడా? థూ!

వీటన్నిటినీ మించిన మాట ఇంకోటుంది. ప్రతి ఆటకీ చివర్లో అనేవాడు.

"గాడిద పక్క సీటు ఇవాళ కూడా ఖాళీయేనండోయ్!"

ఆ సీటు ఆర్లోదే. ప్రతి ఏడూ రెండు సీట్లు కొంటాడు. ఎందుకని అడిగితే కాళ్ళు చాపుకోడానికంటాడు. ఒకప్పుడు అందులో కూతురు మార్లీస్ కూర్చునేది. తనకి చెప్పకుండా పెళ్ళి చేసుకుందని "నా గడప తొక్కావంటే చూడు" అన్నాడు. ఆ పిల్ల తొక్కలేదు. దూరాన ఒమహా నగరంలో కాపురం. మొదట్లో ఫోన్ చేసేది. గొంతు వినగానే పెట్టేసేవాడు.

సభలో క్యాచర్ కూర్చునే చోట మైకు పెట్టారు. తలా ఓ ముచ్చట చెప్పి, రాస్కోకి ఇష్టమైన వేరుసెనగల పొట్లం కింద పెట్టి పోతున్నారు.

"ఆట మధ్యలో నిద్రపోయాడు మహానుభావుడు! ఊరంతా గురక విన్నాం!" అంటూ ఓ లావాటాయన భోరుమన్నాడు. కారుతున్న ముక్కు చొక్కా చేతికి తుడుచుకుని, అదే చేత్తో పొట్లం పెట్టాడు.

ఆర్లోకి వెగటు పుట్టింది. ఏం మనుషులు! ఏం ఏడుపులు!

"ఏరా ఆర్లో, నువ్వూ రెండు ముక్కలు చెప్పు" వెనక వరుస హ్యూబర్ట్ పొడిచాడు. "నిన్ను పేరున్నవాణ్ణి చేసింది ఆయనేగా!"

"చెప్తాన్రా. అందుకేగా వచ్చింది."

విసవిసా వెళ్ళి మైకు పట్టుకున్నాడు. స్టేడియమంతా ఓండ్ర పెట్టింది.

"అరవండి! బాగా అరవండి! నా తిండీ, నా కుంటుడూ, నా కడుపులో రాయీ మీకు నవ్వులాట! పక్కన కూర్చునే దిక్కులేదని రోజూ చాటింపేశాడే, వాడు మీకు మహానుభావుడా? థూ!"

ఓండ్రలు ఆగిపోయాయి.

ఆర్లో మైకుని ఇంకా దగ్గరకి లాక్కున్నాడు.

"అసలు వాడికి నేనేం చేశాను?"

"నువ్వేం చెయ్యలేదు నాన్నా."

పొట్లాలు పెట్టేవాళ్ళ వరుసలోంచి ఒకావిడ ముందుకొచ్చింది. కళ్ళు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. మార్లీస్!

"నువ్వా? నవ్వడానికి ఒమహా నుంచి దిగావా?"

"నా ఫోన్ పెట్టేసేవాడివిగా. అందుకని ఆయనకి చేశాను. మా నాన్న ఆటకొచ్చాడో లేదో, తిన్నాడో లేదో రేడియోలో ఓ మాట చెప్పండి, ఒమహాలోనూ మీ గొంతు వినబడుతుందన్నాను. నేనడిగానని తెలిస్తే ఆటకి రావడం మానేస్తాడు, తెలియనివ్వకండన్నాను. తిట్టినట్టుగా చెప్తాలేమ్మా, ఎవరికీ అనుమానం రాదు అన్నాడు."

ఆర్లో పన్నెండో వరుస వైపు చూశాడు.

"మరి... ఆ సీటు?"

"అదీ నేనడిగిందే. ఇంకా నాకోసం ఉంచాడా అని."

ఆర్లో ఎర్రటోపీ తీసేశాడు. మైకు పక్కన పెట్టేశాడు.

మార్లీస్ వంగి, తన పొట్లం కూడా ఆ కుప్పమీద పెట్టింది.

"ఇక నీ సంగతి చెప్పేవాళ్ళు లేరు నాన్నా, అందుకే వచ్చాను."