జుమ్మాయ్ పెట్టిన నిప్పు

తబావా పుస్తకాన్ని వాకిట్లోకి విసిరికొట్టింది. అది వెళ్లి కోళ్ల మధ్య పడింది. కోళ్లు కూడా ఓసారి చూసి పక్కకు తప్పుకున్నాయి.

"ఓర్చుకుందట. ఈసారి కూడా ఓర్చుకుందట," అంది. "మొగుడు ఇంకో పెళ్లాన్ని తెస్తుంటే నీళ్ల చెంబు పట్టుకుని ఎదురెళ్లిందట. ఈ రమ్లాకి బుర్ర అరిగిపోయింది. ఒకప్పుడు ఎలా రాసేది, ఇప్పుడు చూడండి, చప్పిడి కూడు."

టోపీలు కుడుతున్న ఆడవాళ్లు తలెత్తలేదు. అసాబే ఆవలించింది. లంతానా సూదిని దారపు ఉండకి గుచ్చి లేచి, పక్కింటి టీవీలో హిందీ సినిమా వస్తోందట, ఇట్టే వెళ్లి అట్టే వస్తానంది. రాదని అందరికీ తెలుసు. అలా చెప్పి వెళ్లినవాళ్లు ఇంతవరకు ఒక్కరూ తిరిగి రాలేదు.

కానో నగరంలోని పాత ఊళ్లో ఆ సందు మొత్తానికి మధ్యాహ్నం నమాజయ్యాక ఆడవాళ్లు చేరే ఇల్లంటే తబావా ఇల్లే. చేతులు టోపీలు కుడుతుంటాయి, చెవులు హజ్ చేసొచ్చిన రచయిత్రి హాజియా రమ్లా నవల వింటుంటాయి. ఇంటినిండా జనం ఉంటేనే తబావాకి తానొక మనిషినన్న ధీమా. ఆ జనం ఒక్కొక్కరే పక్కింటికి జారిపోతుంటే ఆమెకి ముద్ద దిగడం లేదు. తప్పంతా రమ్లాదేనని తేల్చేసింది.

మొదట్లో నవలలు చదివి వినిపించింది తబావా సవతి డేలు. పెట్టెలో ఓ పుస్తకం పెట్టుకుని కాపురానికొచ్చింది గనక, ఆ ఇంట్లో అక్షరం ముక్క ఎవరికీ రాదు గనక, చదువుకున్న పిల్ల అనుకున్నారు. ఆమధ్య తబావా ఆడవాళ్ల బడికి వెళ్లి చదవడం నేర్చింది. నేర్చిన మర్నాడే డేలు చేతిలోంచి పుస్తకం లాక్కుంది. నీది నత్తనడక, మధ్యమధ్య ఆకాశం కేసి చూస్తావు, నేనైతే అక్షరం పొల్లుపోకుండా చదువుతానంది. అలాగే చదువుతోంది. ఖర్మ కొద్దీ రమ్లా రాత కూడా అప్పట్నుంచే పాడైంది.

"ఉండండి, దీని సంగతి ఇప్పుడే తేలుస్తా," అని తబావా కోళ్లని అదిలించి పుస్తకం తెచ్చింది. వెనక అట్ట మీద రచయిత్రి ఫోన్ నంబరు ఉంది. పాఠకులు మెచ్చుకోవడానికి వేసుకున్న నంబరు అది. తబావా తిట్టడానికి చేసింది, అందరూ వినాలని స్పీకరు కూడా పెట్టింది.

హాజియా రమ్లా ఎంతో మర్యాదగా సలాం చెప్పి ఇంట్లోవాళ్ల క్షేమం అడిగింది. తబావా మాత్రం ఊపిరి తిప్పుకోకుండా దులిపేసింది. నీ కొత్త పుస్తకాలు పొయ్యి రాజెయ్యడానికి కూడా పనికిరావంది. నీ చేతికి బెల్లం అంటుకుందా, కలానికి పక్షవాతమొచ్చిందా అనడిగింది.

"మరి నచ్చిన పుస్తకం ఏదమ్మా?" అంది రమ్లా, కాస్త చిన్నబోయిన గొంతుతో.

"జుమ్మాయ్‌ది. మొగుడు రెండోపెళ్లి చేసుకున్న రోజున వాడి మంచం వీధిలోకి ఈడ్చి నిప్పంటించిందే, అది. విన్న రోజు నాకు కడుపు చల్లబడింది."

మూల కూర్చుని జొన్నలు చెరుగుతున్న డేలు చాట ఆపింది. సవతి కడుపు ఎందుకు చల్లబడిందో ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేదు.



"నా జుమ్మాయ్ ఆ రోజు సవతికి గోరింటాకు పెట్టిందమ్మా," అంది రమ్లా. "నిప్పు నేను రాయలేదు."

"మరి మొగుడి గొర్రెల్ని అమ్మేసి జారియా ఊళ్లో దుకాణం పెట్టుకున్నామె?"

"నా పుస్తకాల్లో గొర్రెలే లేవు."

అసాబే ఆవలింత సగంలో ఆగిపోయింది. ఇంకెవరూ సూది కదపలేదు.

రమ్లా నెమ్మదిగా చెప్పింది, తను మొదటి పుస్తకం నుంచి రాస్తున్నది ఒక్కటే కథట. ఆడది ఓర్చుకుంటుంది, మొగుడు మారతాడు. పేర్లు మారుస్తుందట, అట్ట మారుస్తుందట, అంతే. పాతవాటికీ కొత్తవాటికీ తేడా ఏమీ లేదట.

"ఆ నిప్పు కథ మీకు చదివి వినిపించిందెవరమ్మా?" అంది.

అందరూ డేలు కేసి తిరిగారు. తబావా మొహం కందగడ్డలా అయింది. అక్షరం పొల్లుపోకుండా చదివి ఇల్లు ఖాళీ చేసుకున్నది తనేనని ఇప్పటికి తెలిసింది. తెలిసినా ఒప్పుకోవడానికి నోరు రావాలిగా.

"మా ఇంట్లోనే ఉంది, ఒక దొంగమొహంది," అంది చివరికి.

"ఆవిడకి ఫోనివ్వండి," అంది రమ్లా. గొంతులో ఇందాకటి మర్యాద పోయి ఆత్రం వచ్చింది. "నా కొత్త పుస్తకం ఆవిడ చేతికిచ్చి మొదటి పేజీ నుంచి చదవమనండి. నేను రాసుకుంటాను."

తబావా పళ్లు కొరుక్కుంటూ పుస్తకాన్ని డేలు ఒళ్లో పడేసింది. జనం మళ్లీ రావాలంటే వేరే దారి లేదు. "చదువు, ఏడువు," అంది.

డేలు చేతులు దులుపుకుని పుస్తకం అందుకుంది. తెరవలేదు. అట్ట మీది పెళ్లికూతురి బొమ్మని ఎగాదిగా చూసి, ఫోనుకి వినపడకుండా సవతి చెవి దగ్గరకి వంగింది.

"నాకు అక్షరాలు రావక్కా, బొమ్మ చూసి చెప్పేదాన్ని. ఇదిగో, ఈ పిల్ల నవ్వు చూస్తే దీని మొగుడు తెల్లారేదాకా బతికేలా లేడు."