నాలుగో రోజు

2012. ఎల్లారెడ్డి దగ్గర ఒక కల్లు దుకాణంలోకి ఈరవ్వ రాయి పట్టుకొని వచ్చింది. బయట ఆటోలో ఆమె కొడుకు వణుకుతున్నాడు. పొద్దున్నుంచి రెండుసార్లు ఫిట్స్ వచ్చాయి.

"ఏం కలిపినవ్‌రా మైసన్నా? నాలుగు రోజులాయె, నా కొడుక్కు నిద్ర లేదు. గోడ మీద పాములున్నయంటడు. రోజూ నీ కల్లే తాగె!"

మైసన్న సీసా ఎత్తి సగం తాగి చూపించాడు.

"ఏం కలపలేదవ్వా. పాపమని నాలుగు రోజుల సంది మత్తు పొడి వేస్తలేను. గిది ఉత్త ఈత కల్లు. మెదడు పొడికి అలవాటు పడ్డంక ఒక్కసారే ఆపితే గిట్లయితదట. ఇయ్యాలే డాక్టర్ చెప్పిండు. నాకు ఎరుక లేకపాయె. కామారెడ్డి దవాఖానకు తీస్కపో."

కామారెడ్డి గంట దూరం. ఈరవ్వ ఆటో వైపు చూసి రాయి పడేసింది.

"చెంచాడు పొడి మిగిలితే వెయ్యి, బిడ్డా."