తళిగ బెల్లం

"గోవిందా... గోవింద!"

ఏడుకొండలవాడికి మొక్కులు తీర్చే పెరటాసి నెల, మూడో శనివారం. వాకిట్లో నామం పెట్టిన చెంబు పట్టుకుని ఎవరో బక్కపలచని మనిషి.

బంగారుపాళ్యంలో ఆ నెలంతా ఇది మామూలే. మొక్కున్నవాళ్లూ బియ్యం ఎత్తడానికి వస్తారు, మొక్కు పేరు చెప్పి పొట్ట నింపుకునేవాళ్లూ వస్తారు. ఎవరు ఏ రకమో ఆ దేవుడికే తెలియాలి.

మునిలక్ష్మి పిడికెడు బియ్యం తెచ్చింది.

ఆ మనిషి చూపు బియ్యం మీద లేదు. అరుగు మీద కూర్చుని స్టీలు గ్లాసులో చాక్లెట్ రంగుదేదో తాగుతున్న ఆమె మొగుడు గంగాధరం మీద ఉంది.

"అయ్యకు షుగరు ఉండాదా తల్లీ?"

"ఉండాది. అయితే?"

"పొద్దున మాత్ర ఏసుకున్నాడా?"

"ఏసుకోకుండా ఎట్ట?"

"తిండేమో ఈ పొడి. పైన ఒక్కపొద్దు. మాత్ర మటుకు మునుపటిదే. అంతేనా?"

మునిలక్ష్మికి ఒళ్లు మండింది. బియ్యానికి వచ్చినవాడికి ఇంటి గుట్టంతా కావాలా?

గంగాధరం బరువు తొంభై ఆరు కిలోలు. పది తగ్గితేగాని హెర్నియా ఆపరేషన్ చేయనని చిత్తూరు డాక్టరు తేల్చేశాడు. సొంత మామిడితోట ఒక చుట్టు తిరగలేక మనిషి దిగాలు పడిపోయాడు. అప్పుడప్పుడే ఈ పొడి డబ్బాలు ఊళ్లలోకి దిగుతున్న రోజులు. మునిలక్ష్మి తమ్ముడు మునిశేఖర్ వాటిని అమ్ముతాడు. మూడు రకాలు తెచ్చి ముందు పెట్టి, రెండు పూటలు అన్నం మాని ఇది నీళ్లలో గిలక్కొట్టి తాగితే చాలన్నాడు.

మునిలక్ష్మి తక్కువదేం కాదు. పక్కింటి టీచరమ్మ చేత మూడు డబ్బాల మీదున్న రాతంతా చదివించి, చక్కెర లేనిదే ఏరుకుంది. డబ్బాను అటూ ఇటూ తిప్పి చూసింది గానీ, మాత్రల సంగతి డాక్టరును అడగాలని మాత్రం ఆమెకు తోచలేదు.

నెలకే నాలుగు కిలోలు తగ్గాడు. షుగరు వచ్చాక మానేసిన ఒక్కపొద్దులు కూడా ఈ ఏడు మళ్లీ పట్టాడు. "ఇది అన్నం కాదు గదా, సామి ఏమీ అనుకోడులే," అని నవ్వేవాడు.

"పొడిది తప్పు గాదమ్మా," అన్నాడు ఆ మనిషి. "తిండి తగ్గినప్పుడు మాత్రా తగ్గాల. డాక్టరునడుగు. చెమటలు పట్టినా, చేతులు వణికినా, మాట తడబడినా ముందు ఇంత బెల్లం పెట్టు."

"షుగరు మనిషికి బెల్లమా? ఒక్కపొద్దు నాడు వాకిట్లో నిలబడి ఇవేం మాటలు? పో సామీ."

బియ్యం చెంబులో పోసి తలుపేసుకుంది. తమ్ముడికి ఫోన్ చేసి చెప్పింది.

"మనం బాగుపడితే ఓర్వలేనోళ్లు శానామంది ఉండారక్కా. అట్టాంటోళ్ల మాట పట్టించుకోబాకు," అన్నాడు మునిశేఖర్.

నాలుగో శనివారం ఇంట్లో తళిగ వేశారు. ఆకుల్లో అన్నం రాశి పోసి, బెల్లం, టెంకాయలు పెట్టి, దేవుడికి చూపించేదాకా ఎవరూ మెతుకు ముట్టరు. చుట్టాలంతా దిగారు. మునిశేఖర్ మాత్రం కంపెనీ మీటింగని బెంగళూరు వెళ్లాడు. గంగాధరం పొద్దున్నే మాత్ర వేసుకుని సగం గ్లాసు పొడి తాగాడు, అంతే.

పదకొండు దాటింది. దీపం ముందు కూర్చున్న గంగాధరానికి ఒళ్లంతా చెమట. చేతులు వణుకుతున్నాయి. ఏదో గొణుగుతున్నాడు. పెండ్లాన్ని చూసి, "ఎవురు నువ్వు?" అన్నాడు.

"సామి వచ్చినాడు," అంది మేనత్త దేవకమ్మ.

ఇల్లు గోవింద నామాలతో అదిరిపోయింది. కర్పూరం వెలిగించారు. ఒకరి తరువాత ఒకరు కాళ్ల మీద పడ్డారు. మునిలక్ష్మికి కళ్లనీళ్లు ఆగలేదు. తన మొగుడి మీదికి ఏడుకొండలవాడే దిగాడు. ఇంతకన్నా ఏం కావాలి?

"ఆపరేషను లేకుండా నయం చెయ్ సామీ," అని మొక్కుకుంది.

అప్పుడే ఆ మనిషి గుంపును తోసుకుంటూ లోపలికి వచ్చాడు. చెంబు కింద పడేసి, ఆకులోని బెల్లం ముద్ద అందుకుని గంగాధరం నోటి దగ్గరికి పోనిచ్చాడు.

"సామి గాదు తల్లీ. షుగరు దిగిపోయింది. తినిపించు."

దేవుడికింకా చూపించని తళిగ! దాని మీద దారిన పోయేవాడి చెయ్యి. మునిలక్ష్మి ఆ చేతి మీద ఒక్కటి కొట్టింది. బెల్లం నేల మీద దొర్లింది. నలుగురు మగవాళ్లు అతన్ని ఈడ్చుకెళ్లి రోడ్డు మీద పడేశారు.

"బెల్లం పెట్టండమ్మా... బెల్లం..."

ఆ అరుపు కాసేపు వినబడింది. తరువాత గోవింద నామాల్లో కలిసిపోయింది.

గంటకు గంగాధరం పక్కకు ఒరిగాడు. సామి దిగిపోయాడనుకుని చాప పరిచారు. ఫిట్స్ వచ్చాకగాని కారు పిలవలేదు. చిత్తూరు ఆస్పత్రిలో మూడు రోజులు కన్ను తెరవలేదు. నాలుగో రోజు పోయాడు.

"మొదట్లోనే ఇంత బెల్లం నోట్లో పడుంటే బతికుండేవాడమ్మా," అన్నాడు డాక్టరు.

మునిలక్ష్మికి ఏడుపు కూడా రాలేదు. తన కుడిచేతిని చూసుకుంటూ కూర్చుంది.

కర్మ అయిన రోజు తమ్ముణ్ని పక్కకు పిలిచింది.

"ఆ సామి యాడుంటాడో కనుక్కో శేఖరా. కాళ్లు పట్టుకోవాల."

"ఎట్టుంటాడు?"

ఆనవాళ్లు చెప్పింది. మునిశేఖర్ ముఖం పాలిపోయింది.

"పలమనేరు దేవరాజులన్న."

"నీకు తెలుసునా?"



"మేము డబ్బాలిచ్చిన ఇండ్లన్నీ ఎతుక్కుంటా తిరగతా ఉండాడని విన్నా. పిచ్చి పట్టిందన్నారు మావోళ్లు. నేనూ అదే నమ్మినా."

"ఆయనకేం పనబ్బా మనిండ్లతో?"

"ఈ డబ్బాలు అమ్మేది నాకు నేర్పించిందే ఆయనక్కా," అన్నాడు మునిశేఖర్ తల దించుకుని, "పోయిన పెరటాసిలో వాళ్లావిడకూ ఇట్టనే ఒళ్లు వణికితే, సామి వచ్చినాడని అందరికన్నా ముందు కర్పూరం ఎలిగించిందీ ఆయనే."