ఇంకొక్క ఏడాది

కోల్బీ నీమెలా ఆ ఉదయం కాలుగాలిన పిల్లిలా ఉన్నాడు.

ఐలా హోటల్లో కిటికీ పక్కన కూర్చున్నాడు, లేచాడు, మళ్ళీ కూర్చున్నాడు. మార్చి నెల వచ్చినా బయట మంచు మోకాలెత్తున ఉంది. పళ్ళెంలో మాంసం కూరిన పాస్టీ రొట్టె చల్లారిపోయింది.

హాకీ క్లబ్బు మనిషి ఒప్పందం కాగితాలు పట్టుకుని పదింటికల్లా వస్తాడని ఫోన్లో చెప్పారు. ఇంతకు ముందు క్లబ్బువాళ్ళెవరినీ కోల్బీ కళ్ళతో చూడలేదు. వాళ్ళు చూపిన చోట సంతకం పెడితే చాలు, కాలేజీ ఐస్ హాకీకి ఓ దండం పెట్టి, జీతం తీసుకుంటూ పెద్దవాళ్ళతో ఆడొచ్చు. చదువు ఏడాది మిగిలే ఉంది. మిగిలితే మిగిలింది!

వచ్చిన చిక్కల్లా ఊరితోనే. మొన్న సీజన్ ఆఖరి ఆటలో ఓడిపోయినా, స్టేడియం స్టేడియమంతా లేచి నిలబడి ఒకటే కేక.

"ఇంకొక్క ఏడాది! ఇంకొక్క ఏడాది!"

మధ్యలో వెళ్ళిపోతాడని పుకారు పుట్టిన ప్రతి ఆటగాడికీ ఇక్కడ ఆ కేక తప్పదు. ఆ రోజు నుంచి మంగలి అదే మాట. ప్రొఫెసరూ అదే మాట.

"ఇంకొక్క ఏడాది ఉండకూడదట్రా?" అంది ఐలా, కాఫీ పోస్తూ.

"నువ్వు కూడానా ఆంటీ!"

"నాకేం పోయింది? నువ్వు పోతే రోజుకి మూడు పాస్టీలు మిగుల్తాయి."

అప్పుడే ఒక పెద్దాయన కుంటుకుంటూ లోపలికి వచ్చాడు. ఒంటిమీద వెలిసిపోయిన కాలేజీ జాకెట్. నేరుగా కోల్బీ బల్ల దగ్గరికే వచ్చాడు.

"ఇక్కడ కూర్చోవచ్చా బాబూ? నా పేరు ఓర్విల్."

కాదనలేక కోల్బీ తల ఊపాడు. చూపు మాత్రం వీధిలోనే ఉంది.

"నీ ఆట చాలాసార్లు చూశాను. చేతులు బంగారమయ్యా."

"థాంక్స్ తాతా."

"కాళ్ళే ఇంకా..."

కోల్బీ చూపు ఆయన వైపు తిప్పాడు.

"ఏమైంది నా కాళ్ళకి?"

"ఏమీ కాలేదు. కుర్రకాళ్ళు, అంతే. అక్కడ నిన్ను రింకు చుట్టూ ఉండే గోడకేసి నొక్కేవాళ్ళు సంసారాలున్న మొనగాళ్ళు. నిన్ను పడగొడితేనే వాళ్ళింట్లో పొయ్యి వెలిగేది. జాలి పడరు. ఇంకొక్క ఏడాది ఆగితే..."

అగ్నిలో ఆజ్యం పోసినట్టయింది.

"వచ్చేసిందండీ! ఇంకా రాలేదేమిటా అనుకుంటున్నా!"

"నేనెవరో చెప్పనీ బాబూ..."

"చెప్పక్కర్లేదు, జాకెట్ చూస్తేనే తెలుస్తోంది. ఎప్పుడో ఇక్కడ ఆడుంటారు. మిమ్మల్నెవరూ పిలిచి ఉండరు. ఇప్పుడు పిలుపొచ్చినవాణ్ణి చూస్తే కడుపుమంట!"

కౌంటరు దగ్గర ఐలా గతుక్కుమంది.

పెద్దాయన మాత్రం మెల్లగా అన్నాడు.

"పిలిచారు. నీలాగే ఎగేసుకుంటూ వెళ్ళాను కూడా. పచ్చికాయని కోసేశాక మళ్ళీ చెట్టుకి అతికించలేం బాబూ. సంతకం పెట్టావంటే కాలేజీ ఆటలోకి మళ్ళీ అడుగు పెట్టనివ్వరు."

"రేపు నా మోకాలు విరిగితే మీరొచ్చి అతికిస్తారా? నా రూమ్మేటు పోయినేడాదే వెళ్ళాడు. వాణ్ణిప్పుడు టీవీలో చూస్తున్నాం. ఆలస్యం అమృతం విషం అన్నారు!"

"అయితే నీది తొందర కాదు. వెనకబడిపోతానని భయం."

ఆ మాట సూటిగా తగిలింది. కోల్బీ దిగ్గున లేచాడు.

"లేచి వెళ్తారా, నన్ను వెళ్ళమంటారా? నా కోసం పెద్దమనుషులొస్తున్నారు."

పెద్దాయన జాకెట్ సర్దుకుని లేచాడు.

"వెళ్తాలే. చెప్పాల్సినవాళ్ళకి చెబుతాను."

"ఎవరికి చెప్పుకుంటారో చెప్పుకోండి!"

పెద్దాయన కుంటుకుంటూనే బయటికి వెళ్ళిపోయాడు.

పదయింది. పదకొండయింది. క్లబ్బు మనిషి జాడ లేదు. కోల్బీ గోళ్ళు కొరుక్కున్నాడు. ఆగలేక ఫోన్ చేశాడు.

"ఇంకా రాలేదా? కనుక్కుంటాం, ఉండండి," అన్నారు అవతల.

సాయంత్రానికి కాగితాలు ఫోన్లోకే వచ్చాయి. చదవను కూడా చదవకుండా కోల్బీ వేలితో గీకి సంతకం పెట్టేశాడు. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాడు పాపం.

మరుసటి మార్చి వచ్చేసరికి అతను టీవీలో లేడు. క్లబ్బు వారి కింది జట్టులో ఉన్నాడు. ఊరూరా బస్సులో తిరగడం, బెంచీమీద కూర్చోవడం. ఆటలోకి దిగిన రోజు గోడకీ మనుషులకీ మధ్య నలిగిపోవడం. చివరికి ఒకనాడు కోచ్ డెలార్మ్ తన గదికి పిలిచాడు.

"నిన్ను ఇక ఉంచుకోవడం లేదట కోల్బీ. పైనుంచి చెప్పారు."

కోల్బీ బల్ల అంచు పట్టుకుని ముందుకు వంగాడు.

"నా ఆటలో లోపమేంటి సార్?"

"చేతుల్లో లోపమేమీ లేదు. కాళ్ళలో బలం రాలేదు. ఇంకొక్క ఏడాది కాలేజీలో ఆడుంటే వచ్చేది. ఓర్విల్ అప్పుడే మొత్తుకున్నాడు."

"ఏ ఓర్విల్?"

"మన స్కౌట్ ఓర్విల్ పెల్కీ. కాలేజీ కుర్రాళ్ళ ఆటలు చూసి ఎవరు పనికొస్తారో చెప్పేవాడు. క్లబ్బులో నీ పేరు ఎవరికీ తెలియనప్పుడు నిన్ను పట్టి చూపించిందే ఆయన."

"కుంటుతూ నడుస్తాడా?"

"ఆఁ. నీకెలా తెలుసు?"

కోల్బీ కుర్చీలో కూలబడ్డాడు. తను అన్న మాటలు ఒక్కొక్కటీ చెవుల్లో గింగురుమంటున్నాయి. సిగ్గుతో చచ్చిపోయాడు.

"ఒక్కసారి మాట్లాడాలి సార్. ఎక్కడుంటారు ఆయన?"

"ఏమో మరి. ఉద్యోగం పీకేసి ఏడాదైంది."

"ఎందుకు పీకేశారు?"

డెలార్మ్ ఇబ్బందిగా కిటికీలోంచి బయటికి చూశాడు.

"నీ చేత సంతకం పెట్టించుకు రమ్మని మీ ఊరికి పంపిస్తే, 'ఈ పిల్లాణ్ణి ఇప్పుడే తెస్తే నాశనం చేస్తాం, నా చేత్తో ఆ పని చేయను' అని సంతకం లేని కాగితాలు తెచ్చి మేనేజరు బల్లమీద పెట్టాడు."